ఎలిస్ కూంబ్స్ చేసిన తుపాకీ

నోరీన్ కూంబ్స్ గొనెసంచి బల్ల మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోలేదు. సంచిలో ఆమె భర్త ప్రాణం తీసిన తుపాకీ ముక్కలున్నాయి.

"మా ఆయన చేతకానివాడని ఊరంతా అంటున్నారు, ఓపల్ గారూ. చేసుకున్నవాణ్ణే చంపిన తుపాకీ అట. చర్చిలో కూడా అదే మాట. మీరు ఒక్కసారి చూడండి."

ఓపల్ రాట్‌లిఫ్ హేల్స్‌ఫోర్క్ కొండల్లో ఉన్న ఒకే ఒక్క ప్రైవేటు డిటెక్టివ్. ఆమె అసిస్టెంట్ క్లే, ఆవిడ ఒక్కసారి తల ఊపితే చాలు, ఏదో దొరికిందని సంబరపడే మనిషి. ఈసారి ఆవిడ తల ఊపలేదు.

"మొదట్నుంచీ చెప్పమ్మా," అంది.

నోరీన్ భర్త ఎలిస్ బొగ్గుగనిలో పని చేసేవాడు. ఊపిరితిత్తులు పాడయ్యాక ఇంటిపట్టున ఉండలేక, తుపాకులు చేసే హైరమ్ బ్లాంటన్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. పాతకాలం తుపాకీ, మూతి నుంచి మందు పోసి, గుండు దిగగొట్టి పేల్చేది. చలికాలమంతా మేపుల్ కొయ్య చెక్కాడు. గొట్టం వెనక కొసని మూస్తూ బిగించే మరబిరడాను ఆకురాయితో రుద్ది రుద్ది అతికించాడు. శనివారం హైరమ్ పొలంలో, మొదటిసారి భుజానికి ఆనించి పేల్చాడు. గొట్టం చీలి ముఖం ఛిద్రమైంది.

"మరబిరడా సరిగ్గా బిగించలేదని హైరమ్ బాబాయ్ షెరీఫ్‌కి చెప్పాడు. ముందు దేనికైనా కట్టి, దూరం నుంచి పేల్చి చూడమంటే వినలేదనీ చెప్పాడు." నోరీన్ సంచిని ఓపల్ వైపు జరిపింది. "కానీ చూశాం. మా పెరట్లోనే. రెట్టింపు మందు వేసి, పాత టైరుకి కట్టి పేల్చాం. తాడు లాగింది నేనే. గొట్టానికి గీత కూడా పడలేదు."

"ఈ సంగతి ఎవరికైనా తెలుసా?"

"లేదండీ. బాబాయ్ దగ్గర ఒక్కసారిగా చూపించి మెప్పు పొందాలని ఆయన ఆశ."

"ఈమధ్య ఆయనలో మార్పేమైనా కనిపించిందా?"

"మ్యూజియం వాళ్లు పాత తుపాకీ ఒకటి శుభ్రం చేయమని పిలిచారు. వెళ్లొచ్చాక అన్నం సయించలేదు. ఒకరితో మాట్లాడాలి అన్నాడు. ఎవరితోనో చెప్పలేదు."

ఓపల్ సంచి విప్పింది. గొట్టం మధ్యలో మొక్కజొన్న పొత్తు పొట్టులా విచ్చుకుని ఉంది. వెనక భాగంలో మాత్రం మరబిరడా బిగించినది బిగించినట్టే ఉంది. గొట్టం లోపల వేలు పెట్టి రాసింది. వేలికి మసి పెద్దగా అంటలేదు. తర్వాత మీట నొక్కితే సుత్తిలా పడే గుర్రాన్ని బిగించిన ఇనుప పలక ఊడదీసి, దాని వెనక కొయ్యలో తొలిచిన గూటిని భూతద్దంతో చూసింది. ఉలి నడిచిన ప్రతిచోటా వెంట్రుకంత సన్నటి గట్టు ఒకటి మిగిలి ఉంది.

"ఉలి అంచు కాస్త విరిగి ఉంటుంది మేడమ్," అన్నాడు క్లే.

"ఎవరి ఉలి?"

"బాబాయ్‌దే," అంది నోరీన్. "ఈయనకి సొంత పనిముట్లు ఎక్కడివి?"

షెరీఫ్ ఆఫీసులో ఎలిస్ మందుకొమ్ము చూపించారు. తుపాకీ మందు పోసి ఉంచుకోవడానికి ఆవుకొమ్ము తొలిచి చేసినది, ఒక పక్కంతా నెత్తురు ఎండిపోయి ఉంది. లోపల మామూలు నల్ల మందే ఉంది.

"నేను వెళ్లేసరికి మూత గట్టిగా బిగించే ఉంది," అన్నాడు షెరీఫ్.

ఓపల్ భూతద్దం కొమ్ము మూతి దగ్గర చాలాసేపు ఆగింది. అక్కడ ఎండిన నెత్తుటిలో నల్లటి గింజలు అంటుకుని ఉన్నాయి. క్లేకీ చూపించింది.

ఆ రోజు పొలంలో ఉన్న మూడో మనిషి డ్వైట్ ఫుగేట్, ఎలిస్‌తో గనిలో పనిచేసినవాడు. వేటకి కావలసిన తూటాలు సొంతంగా గరాజ్‌లో నింపుకుంటాడు. ఓపల్‌ని చూడగానే రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"నేనేం చేయలేదండీ. గురిపలక దగ్గర నిలబడ్డాను, అంతే."

"నువ్వు చేశావని ఎవరన్నారు? ఎలిస్ మందు పోశాక కొమ్ము మూసుకున్నాడా?"

"పళ్లతో మూత బిగించాడు. చూశాను."

"పొగ ఎంత వచ్చింది?"

డ్వైట్ ఆలోచించాడు. "పొగ... రాలేదండీ. మెరుపు, చప్పుడు. కుళ్లిన గుడ్డు కంపు కూడా లేదు. నేను రోడ్డు మీదకి పరిగెత్తి లారీ ఆపాను. డ్రైవర్ వెంట డాక్టర్ కోసం వెళ్లాను."

"నువ్వు వెళ్లాక ఎలిస్ దగ్గర ఎవరున్నారు?"

"బాబాయే."

తిరిగి వస్తూ ఓపల్ మ్యూజియం దగ్గర కారు ఆపించింది.

మర్నాడు మధ్యాహ్నం షెరీఫ్, డ్వైట్‌తో సహా అందరూ హైరమ్ పనిశాలలో చేరారు. గోడల నిండా ఉలులు, ఆకురాళ్లు. హైరమ్ నోరీన్‌కి తన కుర్చీ ఇచ్చి, తాను నిలబడ్డాడు. ఆమె తల నిమరబోతే ఆమె కాదనలేదు.

"ఎలిస్ పనిలో తప్పు లేదు," అని మొదలుపెట్టింది ఓపల్. "మరబిరడా ఇప్పటికీ కదల్లేదు. ఆ గొట్టం రెట్టింపు మందుని తట్టుకుంది, దానికి నోరీన్ సాక్షి. మరి మామూలు కొలతకి ఎందుకు చీలింది? నల్ల మందు కాలితే తెల్లటి పొగ కమ్ముకుంటుంది, కంపు కొడుతుంది, గొట్టం నిండా మసి పడుతుంది. ఇక్కడ పొగ లేదు, కంపు లేదు, మసీ లేదు. ఎలిస్ పేల్చినప్పుడు కొమ్ములో ఉన్నది ఇప్పటి తూటాల్లో వేసే మందు. పాత తుపాకీ దాన్ని ఓర్చుకోలేదు."

షెరీఫ్ డ్వైట్ వైపు తిరిగాడు. "ఆ మందు నీ గరాజ్‌లో ఉంది కదరా?"

"ఊళ్లో ఏ దుకాణంలోనైనా ఉంది," అంది ఓపల్. "కొమ్ములో ఇప్పుడున్నది నల్ల మందు. అంటే ఎవరో మార్చారు. ఎప్పుడు? మూతి దగ్గర గింజలు నెత్తుటిలో అతుక్కుపోయాయి. ఎలిస్ మూత బిగించాకే పేల్చాడు. ఇది ఆ తర్వాత, నెత్తురు తడిగా ఉన్నప్పుడు పోసిన మందు. అప్పటికి డ్వైట్ లారీలో ఉన్నాడు."

"అన్యాయం," అన్నాడు హైరమ్ మెల్లగా. "కొడుకులా చూసుకున్నాను వాణ్ణి."

"చూసుకున్నారు. మీ ఉలి కూడా ఇచ్చారు. ఆ విరిగిన అంచు గీసే గట్టు ఎలా ఉంటుందో అతనికి అలవాటైపోయింది. మీ ముత్తాత చేశాడని చెప్పి మీరు మ్యూజియానికి అమ్మిన తుపాకీ పలక విప్పి చూస్తే, లోపల అదే గట్టు. నిన్న నేనూ చూశాను. మీ ముత్తాత పేరుతో అలాంటివి ఇంకెన్ని అమ్మారో షెరీఫ్ అడుగుతారు. ఎలిస్ ఎవరికీ చెప్పలేదు. ముందు మిమ్మల్నే అడిగాడు, అవునా?"

హైరమ్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇక్కడే నిలబడి అడిగాడు. 'నువ్వే వెళ్లి చెప్పెయ్ బాబాయ్, నేనూ తోడొస్తాను' అన్నాడు. నా పేరు తప్ప నాకు ఏం మిగిలింది?"

షెరీఫ్ లేచి అతని చెయ్యి పట్టుకున్నాడు. నోరీన్ ఆ కుర్చీలోంచి లేచి, దానికి దూరంగా జరిగింది.

"పేల్చే ముందు ఏమన్నా అన్నాడా?" అని అడిగింది.

హైరమ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నా మొగుడి చివరి మాట విన్నది నువ్వొక్కడివే. చెప్పు."

ముసలివాడు నేల చూస్తూ చెప్పాడు. "'నువ్వు కాస్త దూరంగా జరుగు బాబాయ్' అన్నాడు. 'కొత్తగా నేర్చుకున్నవాణ్ణి, నా తప్పేదన్నా ఉంటే నీకు తగలకూడదు' అన్నాడు."

"జరిగావా?"

"జరిగాను."