దీవిలో ఆరో రోజు

లాండ్రీ షాపు యజమాని ఉదయం పదింటికి ఇస్త్రీ బల్ల మీద తల వాల్చి కూర్చున్నాడు. నిద్రపోతున్నాడనుకుని ఇద్దరు బట్టల మూటలు పెట్టి వెళ్ళిపోయారు కూడా. మూడో ఆవిడ భుజం తట్టింది. మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయాడు. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క.

పన్నెండేళ్ళుగా అతను గూఢచారి డిపార్ట్‌మెంటుకి కొరియర్. చొక్కా కాలర్లలో పెట్టి రహస్యాలు చేరవేసేవాడు. చివరి రహస్యం మాత్రం పిడికిట్లో ఉండిపోయింది. అదొక రంగుల బ్రోచర్. నీలి సముద్రం, తెల్లని ఇసుక, వంగిన కొబ్బరిచెట్లు. "చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు. దీవి చూడటానికి ఇదే అదను!"

వెనక పెన్సిలుతో రెండే మాటలు: రేవు ఇంజనీరు.

ఆ ఇంజనీరు గుమస్తాకి సొంత బావ.

గుమస్తా అన్నది డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు. ఊరి మధ్య ఒక ట్రావెల్ ఆఫీసులో మూడో టేబుల్ దగ్గర కూర్చుని టికెట్లు రాయడం అతని పైకి కనిపించే ఉద్యోగం. ఎన్నేళ్ళయినా ప్రమోషన్ రాని తమ్ముణ్ణి చూసి అక్క జాలిపడేది. ఆ తమ్ముడు నాలుగు సరిహద్దులు మారువేషంలో దాటాడని ఆవిడకి తెలియదు.

టేబుళ్ళ వెనక మ్యాపుల బీరువా. బీరువా వెనక ఒక గది. అక్కడ చీఫ్ కూర్చుని ఉన్నాడు. బయటి బోర్డు ప్రకారం ఆయన ఆ ట్రావెల్ ఆఫీసు మేనేజరు.

"మీ బావ బుర్రలో ఏముందో తెలుసా?"

"మా అక్క సతాయింపు పోగా ఇంకేమీ పట్టే చోటు లేదండీ."

చీఫ్ నవ్వలేదు. "రేవు సిగ్నల్ కోడ్‌లు మొత్తం. కాగితం మీద ఎక్కడా లేవు. ఆయన తలకాయే లాకరు. సముద్రం అవతలి ముఠాకి ఆ లాకరు కావాలి. నువ్వు మీ అక్కకి దీవి ప్రయాణం ప్లాన్ చేస్తున్నావు కదా?"

"ఇరవై ఏళ్ళుగా అడుగుతోంది. బావకి ఇప్పటికి సెలవు దొరికింది. అయితే మానిపిస్తాను."

"మానిపించవు. పంపిస్తావు."

గుమస్తా కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ముఠా దీవిలోనే చెయ్యి వేస్తుంది. నాలుగో రోజు, పగడాల దిబ్బ దగ్గరని నెమలి కబురు. మనం ఆ చెయ్యి పట్టుకుంటాం. మన మనుషులు అక్కడ జాలర్ల వేషంలో ఉంటారు. లాంచీ డ్రైవరు మనవాడు. గైడుగా నెమలి వెళ్తుంది."

"ఎర మా బావన్నమాట."

"ఉత్త గాలం వేస్తే చేపలు నవ్వుతాయి."

"మరి మా అక్క?"

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటే జవాబు బాగుండదని గుమస్తాకి అనుభవం. "ఆవిడ వెళ్ళకపోతే వాళ్ళకి అనుమానం వస్తుంది. అబార్ట్ కోడ్ 'గొడుగు'. ఆ మాట వినపడగానే డ్రైవరు ఇంజను ఆపేస్తాడు. డిస్మిస్."

నెమలి డబుల్ ఏజెంట్. రెండేళ్ళుగా ముఠాలో ఉంటూ మనకి సమాచారం పంపుతోంది. ఆవిడ ఎక్కడ పుట్టిందో ఫైల్లో రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. నడిచివస్తుంటే గదిలో మగవాళ్ళు కుర్చీలు సర్దుకునేవాళ్ళు. తెలుగు పెద్దయ్యాక నేర్చుకుందంటే ఎవరూ నమ్మరు. ఒత్తులు, పొల్లులు, విసుర్లు అన్నీ ఉన్న చోట ఉంటాయి.

ఆ ఆదివారం నెమలి, టూరు గైడుగా, గుమస్తా అక్క ఇంటికొచ్చింది. డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టింది అక్క. బావ దోమతెర కొనాలా, అక్కడ ఇస్తారా అని అడిగాడు.

"దోమలదేముంది," అంది అక్క. "మీ గురక వింటే సొరచేపలే దగ్గరికి రావు. ఏమ్మా, ఈ రోజుల్లో అక్కడ వానపడదు కదా?"

"పడదండీ. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది. ఇంకో నెల పోతే గాలి మారుతుంది. మనం మంచి వేళకే వెళ్తున్నాం."

"నాకు రోజువారీగా తెలుగులో రాసిపెట్టు తల్లీ. మావాడి ఆఫీసు ఇంగ్లీషు కాగితాల్లో షరతులు తప్ప ఊళ్ళు కనపడవు."

"నా చేత్తో రాసిస్తాను. రేవులో ఇస్తాను."

ఆవిడ నవ్వింది. బావ కూడా నవ్వాడు. గుమస్తా సూట్‌కేసులకి పేర్ల చీటీలు కడుతున్నాడు. ఒక్కో చీటీలో చింతగింజంత ట్రాన్స్‌మిటర్. ముడి మీద ముడి వేశాడు. మొన్న పోయిన లాండ్రీవాడు తన సొంత చేత్తో చొక్కా మడిచి ఇచ్చి, "రేపు కనిపించండి సార్" అన్నాడు. ఆ రేపు మళ్ళీ రాలేదు. మనుషులు వెళ్ళిపోయేటప్పుడు ఇంత మామూలుగా ఎలా మాట్లాడతారో గుమస్తాకి ఎప్పటికీ అర్థం కాదు.

"ఒరేయ్, ఆ ముడులేమిట్రా, దొంగని కట్టినట్టు?" అంది అక్క.

"జారిపోతాయని."

"జారిపోతే పోనీ. మేం ఉంటే చాలదూ?"

బుధవారం ఉదయం పదకొండు పది. రేవు.

ఎండ చురుక్కుమనడం లేదు, గాలికి చలి లేదు. బ్రోచర్లో రాసినట్టే ఉంది. అదే గుమస్తాకి నచ్చలేదు. మెట్ల కింద తెల్లటి చిన్న లాంచీ ఊగుతోంది. అందులో వెళ్ళేది అక్క, బావ, నెమలి, డ్రైవరు మాత్రమే. డ్రైవరు టోపీ కళ్ళ మీదికి లాక్కుని, ఇంజను మీదికి వంగి ఉన్నాడు. పక్క ఓడలో ఎవరినో సాగనంపుతున్న గుంపు చేతులూపుతోంది. ఊపే చెయ్యి ఎప్పుడు దించాలో ఎవరికీ తెలియదు. మొదట దించినవాళ్ళు ప్రేమ లేనివాళ్ళవుతారేమోనని అందరూ ఊపుతూనే ఉంటారు.

నెమలి కాగితం తెచ్చి అక్క చేతిలో పెట్టి లాంచీ వైపు వెళ్ళింది. ముత్యాల్లాంటి అక్షరాలు. అక్క అక్కడే కళ్ళజోడు పెట్టుకుని అక్కడక్కడా వదిలేస్తూ పైకి చదవడం మొదలుపెట్టింది.

"మొదటి రోజు మనం మూడింటికి దీవి చేరతాం. సాయంత్రం మనం ఒడ్డున నడుస్తాం. రెండో రోజు మనం దీపస్తంభం ఎక్కుతాం... అమ్మో, మోకాళ్ళు! మూడో రోజు మనం జాలర్ల ఇంట్లో చేపల కూర తింటాం. నాలుగో రోజు మనం పగడాల దిబ్బ చూస్తాం. ఐదో రోజు మనం విశ్రాంతి తీసుకుంటాం. ఆరో రోజు మేము నాలుగింటికి రేవుకి తిరిగి వస్తాం."

అక్క ఆగింది. పకపకా నవ్వింది.

"చూశారా విడ్డూరం! వెళ్ళేటప్పుడు మనం, తినేటప్పుడు మనం. వచ్చేటప్పుడు మాత్రం 'మేము' అట! మనల్ని అక్కడే వదిలేసి వస్తుంది కాబోలు ఈ మహాతల్లి!"

"నన్ను వదిలేసినా ఫరవాలేదు," అన్నాడు బావ. "నిన్ను మాత్రం తీసుకొచ్చేయమను. దీవి కూడా ఊపిరి పీల్చుకోవాలి కదా." సంచీ తీసుకుని మెట్లు దిగిపోయాడు.

గుమస్తా నవ్వలేదు. అక్క చేతిలో కాగితం లాక్కుని మొదటి నుంచి చివరిదాకా చూశాడు. పదకొండు చోట్ల 'మనం'. ఒక్కచోట 'మేము'.

జేబులోంచి పెన్ను తీసి క్యాపు తిప్పాడు. పెన్ను గురగురలాడింది. చీఫ్ గొంతు వచ్చింది.

"ఏమిటి?"

"అబార్ట్ చెయ్యాలండీ. ప్లాను కాగితంలో తిరుగు ప్రయాణం దగ్గర 'మేము' అని రాసింది."

"వ్యాకరణ దోషానికి ఆపరేషన్ ఆపమంటావా? ఆవిడ తెలుగు నేర్చుకున్న మనిషయ్యా. వాళ్ళ భాషలో రెండింటికీ ఒకటే మాట."

"అందుకేనండీ. తెలియని మనిషైతే ఆరేడు చోట్ల తప్పాలి. ఆవిడ ఒక్కచోటే తప్పింది. అదీ తిరిగొచ్చే చోట. ఆవిడకి తేడా తెలుసు సార్. బాగా తెలుసు."

"నెగటివ్. రెండేళ్ళ శ్రమ. ప్రొసీడ్."

పెన్ను ఊరుకుంది. టైము పదకొండు ఇరవై ఆరు. బావ అప్పటికే లాంచీలో నెమలి పక్కన నిలబడి ఉన్నాడు. అక్క లాంచీ ఎక్కే చెక్క మీద ఒక కాలు పెట్టి, చెప్పు తడుస్తుందేమోనని చూసుకుంటోంది.

గుమస్తా మెట్లు దిగి నెమలి వినేంత దగ్గరికి వెళ్ళాడు. అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగాడు: "మేడం, ఆరో రోజు నేను రేవుకి కారు తేవాలి. ఎన్నింటికి దిగుతారు?"

"మేం నాలుగింటికల్లా..." నెమలి ఆగింది. కనురెప్ప పడి లేచేంత సేపు. "అందరం నాలుగింటికి."

అంతే. గుమస్తాతో 'మేం' అనడం తప్పే కాదు; తప్పు కానిదాన్ని ఆవిడ దిద్దుకుంది. ఈవిడే. ముఠాలో మన మనిషి కాదు, మనలో ముఠా మనిషి. నాలుగో రోజు దాకా ఆగే పనే లేదు. ఈ లాంచీ దీవికి వెళ్ళదు.

"గొడుగు!" అని అరిచాడు. "గొడుగు మరిచిపోయారు!"

డ్రైవరు తల తిప్పాడు. టోపీ మనదే. మొహం మనవాడిది కాదు. ఇంజను ఆగలేదు సరికదా, ఇంకా గట్టిగా గర్జించింది.

నెమలికి అర్థమైంది. ఆవిడ చెయ్యి నెమ్మదిగా బావ భుజం మీదికి వెళ్ళింది. వేలి ఉంగరంలో పచ్చరాయి పక్కకి జరిగింది. కింద సన్నటి సూది. ఆవిడ గుమస్తా కళ్ళలోకి చూస్తూనే ఆ సూదిని బావ మెడకి జానెడు దూరంలో నిలిపింది. అడుగు ముందుకేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు: తమకి దక్కని లాకరు ఇంకెవరికీ దక్కనివ్వరు. బావ మాత్రం సముద్రం చూస్తూ ఈల వేస్తున్నాడు.

కోటు లోపల పిస్టలుంది. పనికిరాదు. బెల్టులో పొగ బాంబుంది. పనికిరాదు. గుమస్తా దగ్గర మిగిలింది గొంతొక్కటే.

"అక్కా! గ్యాస్ స్టవ్!"

"ఏంటీ?"

"పక్కింటావిడ ఫోన్ చేసింది! మీ వంటింట్లోంచి పొగట!"

అక్క మొహంలో రక్తం లేదు. "నేను ఆపాను కదరా..." ఒక్క క్షణం. "ఆపానా?"

తర్వాత జరిగింది ఏ ట్రైనింగులోనూ చెప్పని సంగతి. అక్క చెక్క మీదే వంగి, బావ చొక్కా కాలరు గుప్పిట పట్టి, బావిలోంచి చేదని లాగినట్టు లాగింది. "చివర్న టీ పెట్టుకున్నది మీరే కదూ! నడవండి! కొంప అంటుకుంటోంటే ఈలలేమిటి?"

సూది గాలిని పొడిచింది. వెంట్రుకవాసిలో బావ మెడ తప్పించుకుంది. లాంచీ గుర్రంలా ముందుకి దూకింది. చెక్క జారి నీళ్ళలో పడింది. మెట్టు అంచున అక్క వెల్లకిలా పడింది, ఆవిడ మీద బావ పడ్డాడు. బావ ఎడమ చెప్పు మాత్రం ప్రయాణం కొనసాగించింది.

సూట్‌కేసులు లాంచీలోనే ఉండిపోయాయి. చీటీలు చెప్పిన దారినే వెళ్ళి గస్తీ పడవ నలభై నిమిషాల్లో రాళ్ళ గుట్ట వెనక దాన్ని పట్టుకుంది. లాంచీ అడుగున మనిషి పట్టేంత చెక్కపెట్టె ఉంది. మూతకి గాలి కోసం వేసిన రంధ్రాలు. పెట్టె ఒక్కటే. రెండో మనిషికి గాలి ఏర్పాటేమీ లేదు. ఇనుప గొలుసూ, దానికి కట్టిన రాయీ మాత్రం ఉన్నాయి. ఆ రాయి అక్క కోసమని గుమస్తాకి అర్థమైంది. మన అసలు డ్రైవరు టికెట్ల గది వెనక, నోట్లో గుడ్డతో దొరికాడు, ప్రాణంతోనే.

మధ్యాహ్నం నెమలిని వ్యాను ఎక్కించేటప్పుడు గుమస్తా ఎదురుగా నిలబడ్డాడు.

"పదకొండు సార్లు సరిగ్గా రాశారు. పన్నెండోసారి ఏమైంది?"

ఆవిడ బేడీల చేతుల వైపు చూసుకుంది. "నోటికి అబద్ధం నేర్పించారు. చేతికి నేర్పించడం మరిచిపోయారు." వ్యాను మెట్టెక్కి, వెనక్కి తిరిగి, అచ్చ తెలుగులో, ఒక్క తప్పు లేకుండా అంది: "వెళ్ళొస్తాను."

అది మర్యాదో, బెదిరింపో తలుపు మూసుకున్నాక కూడా గుమస్తాకి తెలియలేదు.

ఇంట్లో పొయ్యి చల్లగా, శుభ్రంగా ఉంది. పక్కింటావిడ ఎవరికీ ఫోన్ చెయ్యలేదంది. అక్క మూడు రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది, మాట్లాడకపోతేనే బాగుండేది. "ఇరవై ఏళ్ళకి ఒక ప్రయాణంరా! నీకు కుళ్ళు! జన్మలో ఇంకొకరి ప్రయాణం నీ చేతికి ఇవ్వకూడదు!" బావ ఒంటి చెప్పు చేత్తో పట్టుకుని తలూపాడు. గుమస్తా తల వంచుకుని విన్నాడు. ఆ గొంతు వినపడుతోంది. అది చాలు.

సోమవారం చీఫ్ మ్యాపుల బీరువా వెనక రెండు కాగితాలు అందించాడు. రెండింటి కిందా ఒకటే సంతకం. మొదటిది దేశ రక్షణకి ప్రశంసాపత్రం. రెండోది, ఒక మహిళా వినియోగదారు ఫిర్యాదు మీద, విహారయాత్ర ఏర్పాట్లలో క్షమించరాని నిర్లక్ష్యానికి మెమో.

"చదివి ఒకటి కాల్చెయ్యాలి. రూలు," అన్నాడు చీఫ్, అగ్గిపుల్ల గీస్తూ. "రెండోది రిటైరయ్యేదాకా నీ సర్వీసు రికార్డులో ఉంటుంది."