అనె మీద పోసిన మిరియాలు

టోర్‌బెన్ ఫోనెత్తగానే అవతలి గొంతు, "రొట్టె మాడిపోయింది" అంది.

గూఢచారి శాఖలో ఆ మాట వినబడితే ఇంక తిండీ నిద్రా లేనట్టే. మాట్లాడుతున్నది అతని బాస్ లౌరిడ్స్.

"లింగ్బీలో ఆ చిన్న కంపెనీ ప్రింట్ హెడ్ పోయింది. దొంగ దొరికింది. సరుకు దొరకలేదు."

"ఎవరు బాస్, దొంగ?"

"మీ అక్క."

అనె అతనికి కవల అక్క. ఆ కంపెనీలోనే ఇంజనీరు. వాకిట్లో పిండి జారవిడిచి ముగ్గు వేసినట్టు, వాళ్ల యంత్రం అణువు పక్కన అణువు పేర్చి లోహపు తీగలు గీస్తుంది. గీసే ప్రింట్ హెడ్ గోరంత ఉంటుంది. లోకం మొత్తానికీ అదొక్కటే. విదేశీ ముఠా చేతికి చిక్కితే ఏ చిప్‌లోనైనా కంటికి కనబడని దొంగ తీగలు గీసేస్తారు. అది దొరక్కపోతే అనె బతుకు జైల్లోనే తెల్లారిపోతుంది.

టోర్‌బెన్ వెళ్లేసరికి కంపెనీ కాపలా గదిలో అనె జుట్టు నిండా మిరియాల పొడి. ఆ రోజే ముప్పై నిండాయి, పెళ్లి కాలేదు, ఇంకేముంది! పొద్దున్నే కంపెనీ వాళ్లంతా పెరట్లో స్తంభానికి కట్టేసి నెత్తిన మిరియాలు కుమ్మరించారు. ముప్పై నిండినా పెళ్లి కానివాళ్లకి అలా చేయడం డెన్మార్క్ వాళ్లకి అదో ముచ్చట.

తమ్ముణ్ణి వాటేసుకుని బావురుమంది. "కళ్లు కడుక్కోవడానికి వెళ్లాన్రా. జాకెట్ మేకుకి తగిలించా, కార్డు అందులోనే ఉంది. ఎవరో దాంతో ఆ హెడ్ ఉన్న క్లీన్‌రూమ్‌లోకి వెళ్లారు. నేను కాదురా!"

టోర్‌బెన్ తుమ్మాడు. ఇంకోసారి తుమ్మాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అక్కా, లోపల దుమ్ము లెక్కపెట్టే మీటరు ఏం చూపించింది?"

"రవ్వ కూడా లేదట."

"నువ్వు గుమ్మంలో కాలు పెట్టినా అది గోల పెట్టేది కదే! ఒంటికి మిరియం అంటనివాళ్లెవరు?"

"అందరూ పోశార్రా. ఆ విబెకె అయితే రెండు దోసిళ్లు పోశానని ఊరంతా చెప్పుకుంది."

"నువ్వు చూశావా?"

"కళ్లనిండా మిరియాలు పెట్టుకుని ఎవర్ని చూస్తాను, మొద్దూ!"

విబెకె కంపెనీలో అమ్మకాలు చూసే అందగత్తె. గుట్టుగా లౌరిడ్స్‌కి కబుర్లు మోసేది కూడా ఆమే. అనె పేరు చెప్పిందీ ఆమే.

టోర్‌బెన్ ఫోను చేస్తే లౌరిడ్స్ మండిపడ్డాడు. "మతి పోయిందా? ఆమె మన మనిషి! సరిహద్దు అవతల మాల్మోలో అత్తని చూడ్డానికి రైలెక్కుతోంది, పాపం. అక్క కోసం కథలల్లకు." ఫోను పెట్టేశాడు.

తుపాకీ తెచ్చుకునే వ్యవధి లేదు, తోడు వచ్చేవాళ్లు లేరు. జేబులోని పెట్టుడు గడ్డం తగిలించుకుని టోర్‌బెన్ స్టేషన్‌కి పరుగెత్తాడు. తెల్ల ఉన్ని కోటులో విబెకె ఫ్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. నడుం పట్టేసిన ముసలాడిలా ఆమె మీదికి తూలాడు. ఆమె నుంచి ముక్కుకి తగిలింది సెంటు వాసన ఒక్కటే, మిరియాల ఘాటు లేదు.

"రెండు దోసిళ్లు పోసిన కోటు ఇంత శుభ్రంగా ఉందేం, విబెకె?"

ఆమె నవ్వింది. లిప్‌స్టిక్ గొట్టం అతని పక్కటెముకలకి ఆనించింది. "ఇందులో ఒక తూటా ఉంది, తాతా. గడ్డం ఊడిపోతోంది, సర్దుకో."

రెండో చేతిలో చిన్న గాజు కుప్పె. అందులో ప్రింట్ హెడ్.

రైలు వచ్చి ఆగింది. "నేనెక్కేదాకా కదలకు. జైల్లో అక్కకి అప్పుడప్పుడూ కేకు పట్టుకెళ్లు" అంటూ ఒక కాలు లోపల పెట్టింది.

టోర్‌బెన్ ఒంటి మీద ఉన్నదల్లా అక్క వాటేసుకుని ఏడ్చిన కోటు. రెండు చేతులతో దాన్ని ఆమె మొహం మీదికి దులిపేశాడు.

విబెకె హాచ్‌మంది. తూటా రేకుల కప్పులోకి పోయింది. రెండో తుమ్ముకి వెనక్కి తూలి ఫ్లాట్‌ఫారం మీద కూలబడింది. కుప్పె చేజారి రైలు పక్క సందులోకి పడబోయింది. టోర్‌బెన్ బోర్లా పడి అందుకున్నాడు. మూత చెక్కుచెదరలేదు. తలుపులు మూసుకుని రైలు వెళ్లిపోయింది. పోలీసులొచ్చి సంకెళ్లు వేస్తున్నా విబెకె తుమ్ముతూనే ఉంది.

అనెని విడిపించడానికి లౌరిడ్స్ తల దించుకుని తనే వచ్చాడు.

"నాదే పొరపాటు. ఏం కావాలో అడుగు, టోర్‌బెన్."

"సెలవు, బాస్. ఇవాళే. ఈ క్షణమే."

"అంత తొందరేంటి?"

అనె ఎర్రబడ్డ కళ్లు తుడుచుకుని, తమ్ముడి చొక్కా కాలరు గట్టిగా పట్టుకుంది.

"కవలలం కదండీ, వీడికీ పెళ్లి కాలేదు. పెరట్లో మిరియాలు ఇంకా సగం బస్తా ఉన్నాయి."