కాగితం మీద పొసగని కాపురం

పొద్దున ఏడున్నరకి లవోన్ మూడు మాత్రలు చెంచా వీపుతో నలిపి ఓట్స్ జావలో కలుపుతోంది. మాత్రలు కడుపులో పడ్డ ముప్పావుగంటకి గాని మొగుడు డెల్మర్ చేతులు అతని మాట వినవు. పార్కిన్సన్స్ అనే ఆ పాడు జబ్బు తొమ్మిదేళ్ళ కింద ముందు అతని వేళ్ళని పట్టుకుంది, తర్వాత కాళ్ళని, ఈ చలికాలంలో గొంతుని. ఒకప్పుడు అతను ఆవుల్ని కేకేస్తే అర మైలు అవతల వినపడేది. ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా ఆ గొంతు అందడం లేదు.

బయట మంచు కరిగి దారంతా బురదగా ఉంది. ఆ బురదలోంచి షెరీఫ్ ఆఫీసు కారు వచ్చి వాకిట్లో ఆగింది. దిగినవాడు ట్రెంట్. చిన్నప్పుడు లవోన్ దగ్గర చర్చిలో ఆదివారం బడి చదువుకున్నవాడే, ఇప్పుడు షెరీఫ్ కింద పోలీసు డిప్యూటీ.

"ఏం ట్రెంట్, పొద్దున్నే దిగావు? మా దూడలేమన్నా రోడ్డెక్కాయా?" అంది తలుపు తీస్తూ. అన్నాక గుర్తొచ్చింది, తమకిప్పుడు దూడలు లేవని. మందుల కోసం మందనంతా అమ్మేసి నాలుగేళ్ళయింది.

ట్రెంట్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆమె మొహం చూడకుండా ఒక కవరు చేతికిచ్చాడు. "ఇది మీ చేతికే ఇవ్వాలండీ. నన్నేమీ అడక్కండి."

"సరే, లోపలికి రా. కాఫీ తాగి వెళ్దువు."

"వద్దులెండి, లవోన్ గారూ."

ఆ చుట్టుపక్కల కాఫీ వద్దన్న మనిషిని ఆమె అంతవరకూ చూడలేదు. నిలబడే కవరు చింపింది. వాది డెల్మర్ టొర్సన్, ప్రతివాది లవోన్ టొర్సన్. విడాకుల దరఖాస్తు. కారణం అన్నచోట టైపు కొట్టి ఉంది: ఇద్దరికీ పొసగడం లేదు, సర్దుకునే అవకాశం లేదు.

ఆమె వెంటనే అరవలేదు. అరిస్తే అతనికి గుటక తప్పుతుంది, జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విడాకులడిగిన మొగుడికి చెంచాతో జావ పెట్టి, గడ్డం తుడిచి, గిన్నె కడిగి బోర్లించేదాకా కోపాన్ని పళ్ళ మధ్య పట్టుకుని ఉండాల్సి వచ్చింది. ఇలాంటి ఖర్మ పగవాళ్ళకి కూడా వద్దు. గిన్నె బోర్లించాక వచ్చి, కాగితాలు అతని ముందు విసిరికొట్టింది.

"ఏంటిది?"

డెల్మర్ పెదాలు కదిలాయి. ఏమీ వినపడలేదు. తిడదామని ఎత్తిన తలని దించి, అతని నోటి దగ్గర చెవి పెట్టాల్సి వచ్చింది ఆమెకి.

"లాయరు పోస్టులో పంపుతాడనుకున్నా. అది వచ్చేలోగా నీకు చెబుదామనుకున్నా."

"ఎన్నాళ్ళనుంచి అనుకుంటున్నావు?"

"మూడు వారాలు."

డకోటా గడ్డమీద మగవాళ్ళంతా ఒక్క అచ్చులో పోసినవాళ్ళే. వాన గురించి, గోధుమ ధర గురించి, పక్కవాడి ట్రాక్టరు గురించి పొద్దు గూకేదాకా మాట్లాడతారు. మనసులో మాట ఒక్కటి బయటపెట్టమంటే, కోతలయ్యాక చూద్దాం అంటారు. ఎంత పెద్ద మాటైనా సరే, దానంతటదే సర్దుకుంటుందని నోరు మూసుక్కూచుంటారు. అది సర్దుకోదు. ఇదిగో, ఇలా పోలీసు చేతుల్లో గుమ్మంలోకొస్తుంది.

"నిలబడలేవు, బూటు తొడుక్కోలేవు. నిన్ను లాయరు దగ్గరికి మోసుకెళ్ళిందెవరు?"

అతను కిటికీ వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే బయట ట్రక్కు ఆగింది. ధాన్యం గిడ్డంగిలో పనిచేసే కూతురు రినే వారానికోసారి సామాన్లు తెచ్చి ఇస్తుంది. రెండు చేతుల్లో సంచులతో లోపలికొచ్చి, బల్లమీద కాగితాలు చూసి ఆగిపోయింది.

"నేనే తీసుకెళ్ళానమ్మా" అంది, ఎవరూ అడక్కముందే.

"బాగుంది. తండ్రీకూతుళ్ళు కలిసి నన్ను ఇంట్లోంచి తోసేద్దామనుకున్నారన్నమాట."

"తోసెయ్యడం కాదు, ఇల్లు నీకు మిగలాలని. అమ్మా, ఫిబ్రవరిలో నాన్నని లేపబోయి ఇద్దరూ స్నానాల గదిలో పడ్డారు. నేనొచ్చేదాకా రెండు గంటలు ఆ చల్లటి నేలమీదే ఉన్నారు. నీ నడుముకి ఇప్పటికీ పట్టీ ఉంది. రాత్రీపగలూ ఒక మనిషి కావాలన్నాడు డాక్టరు, లేదంటే నర్సింగ్ హోం అన్నాడు. అక్కడ నెలకి తొమ్మిది వేల డాలర్లు. ఎక్కణ్ణుంచి తెస్తాం?"

"ప్రభుత్వం ఇస్తుందన్నావుగా."

"ఇస్తుంది. మన దగ్గర ఉన్నదంతా ఊడ్చుకుపోయాక ఇస్తుంది. నువ్వు ఆయన భార్యవి కాబట్టి నీదంతా ఆయనదే అంటారు. విడాకులైతే మిగిలిన పొలం నీ పేర రాసెయ్యచ్చు. నాన్న ఒట్టి చేతులతో మిగులుతారు, అప్పుడు ఆయన్ని వాళ్ళే చూసుకుంటారు. ఇదంతా పేపరు మీద మాత్రమేనమ్మా. నువ్వు రోజూ వెళ్ళి చూడచ్చు."

"చూడచ్చా? ఎవరిగా వెళ్ళి చూడను? పక్కింటావిడగానా?" లవోన్ కాగితం తీసి కూతురి మొహం ముందు ఆడించింది. "ఇది చదివావా? పొసగడం లేదట. వడగళ్ళు పంటంతా తొక్కేసిన ఏడు మాకు పొసగలేదా? ఆవులకి రోగమొచ్చి గుంటలు తవ్వి పూడ్చిన ఏడు పొసగలేదా? పొలం చేసుకునేవాళ్ళకి జబ్బులకి ఇన్సూరెన్సు ఎవడూ ఇవ్వడని, బడి ఉద్యోగంతో అది దొరుకుతుందని అక్కడి వంటింట్లో పదహారేళ్ళు పళ్ళేలు తోమాను. అప్పుడు పొసిగింది. నలభై ఒక్క ఏళ్ళు పొసిగి, ఈయన చెంచా పట్టుకోలేనప్పుడు పొసక్కుండా పోయిందా?"

డెల్మర్ చెయ్యి ఎత్తాడు. ఆమె ఒగురుస్తూనే వంగింది.

"జబ్బు అని రాయడానికి అందులో గడి లేదట" అన్నాడు. "ఉన్నవాటిలో ఏదో ఒకటి పెట్టాలట."

"జబ్బుకి గడి లేదు. అబద్ధానికి ఉంది. ముందు కాపురం కూల్చుకోండి, తర్వాత మంచమిస్తాం. ఆ చట్టం రాసినవాడికి పెళ్ళయిందా? వాడి పెళ్ళాం వాడి నోట్లో ఏనాడైనా జావ పెట్టిందా?"

"వాళ్ళ మీద అరవలేక మా మీద అరుస్తున్నావు. సరే, అరుచుకో" అంది రినే. దాని గొంతు కూడా లేచింది. "మరి అక్టోబరులో వర్నా ఆంటీ వచ్చినప్పుడు ఏమన్నావు? మర్చిపోయినట్టున్నావు."

లవోన్ చేతిలో కాగితాన్ని బల్లమీద పెట్టేసింది.

ఆ ఊళ్ళో ఎవరింట జబ్బు ముదిరినా చర్చి హాల్లో సూపు భోజనం పెడతారు. తర్వాత ఆడవాళ్ళు చేసిన యాపిల్ పైలని, అంటే పిండిలో యాపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి వంటకాల్ని, వేలం వేస్తారు. మామూలు పై ఒకటి మూడు వందల డాలర్లు పలుకుతుంది, కొన్నవాడు దాన్నే మళ్ళీ వేలానికి పెడతాడు. వచ్చిందంతా ఆ ఇంటికే. ముప్పై ఏళ్ళుగా ఎవరి భోజనానికైనా మొదటి పై లవోన్‌దే. అలాంటిది ఆ ఆడవాళ్ళ తరఫున వర్నా వచ్చి, ఈసారి మీకోసం పెడతాం అంటే, "మాకింకా ఆ గతి పట్టలేదు" అని గుమ్మంలోనే చెప్పి పంపేసింది. ఎవరికోసం పెడతారో వాళ్ళు హాలు తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతివాడి చెయ్యీ పట్టుకుని కృతజ్ఞత చెప్పాలి. ఆ కుర్చీ తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు మండింది.

"నువ్వు ఊళ్ళోవాళ్ళ సూపు వద్దన్నావు. నాన్నకి మిగిలింది ఇదొక్కటే" అంది రినే.

లవోన్ మొగుడి వైపు తిరిగింది. "అంతేనా? నా పొగరు వల్లనా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె వంగితే అన్నాడు: "వర్నా వెళ్ళాక నువ్వు పాల గదిలోకెళ్ళి ఏడ్చావు. నాకు వినపడదనుకున్నావు. నా గొంతు పోయింది గాని చెవులు పోలేదు. నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టడం కన్నా నేనెళ్ళి లాయరు ముందు కూర్చోవడం నయమనుకున్నా."

లవోన్ నిటారుగా లేచింది. ఎవరిని తిట్టాలో తెలియక వంటింటి గోడకున్న ఫోను అందుకుని, చూడకుండానే నంబరు నొక్కింది.

"వర్నా, నేను లవోన్‌ని. అప్పుడొచ్చి అడిగావే, ఆ సూపు భోజనం సంగతి." అక్కడ ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు పెట్టడమే గాని పుచ్చుకోవడం ఎరగని నోరు. "ఒక్కసారే చెబుతాను, మళ్ళీ చెప్పించకు. మాకు కావాలి."

అవతల వర్నా ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఏప్రిల్ రెండో శనివారం. అక్టోబరు నుంచీ ప్రతినెలా రెండో శనివారం హాలు మీకోసం అట్టే పెడుతున్నాం. నువ్వు పలక్కపోతే పేకాట ఆడుకుని పోతున్నాం."

"మళ్ళీ ఒక్కసారి అడగచ్చుగా."

"అడిగితే సూపు మా నెత్తిన పోసేదానివి."

"పోసేదాన్నే" అంది లవోన్. ఫోను పెట్టేసి ముక్కు చీదుకుంది.

వచ్చి డెల్మర్ ఎదురుగా కూర్చుంది. "విను. ఆ డబ్బుతో నాలుగు నెలలు మనిషిని పెట్టుకోవచ్చు. ఈ నాలుగు నెలలూ నేను నీ పెళ్ళాన్ని, ఎవడేం రాసినా సరే. ఆ తర్వాత కూడా ఇదే దారి అయితే, నువ్వే నా మొహం చూసి చెప్పు. సంతకం పెడతాను. అంతేగాని నా ఇంటికి పోలీసుని పంపకు."

డెల్మర్ తలూపాడు. రినే సంచిలోంచి పాల డబ్బా తీసి ఫ్రిజ్‌లో పెడుతూ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆ కాగితాలు సొరుగులో పడేద్దామని మడుస్తుంటే లవోన్‌కి చివరి పేజీ కనపడింది. అక్కడ డెల్మర్ సంతకం ఉంది. గీత మీద మొదలై, గీత దాటి, పక్కన అచ్చయిన అక్షరాల మీదుగా పోయింది. మధ్యలో రెండుచోట్ల పెన్ను కాగితాన్ని చింపింది.

"ఇదేం సంతకం, కోడి గీకినట్టు? మాత్ర వేసుకోకుండా వెళ్ళావా?"

అతని పెదాలు కదిలాయి. ఆమె వంగింది.

"వేసుకునే వెళ్ళా. ఆ పూట చెయ్యి కుదురుగానే ఉంది, లవోన్. కారు తలుపు కూడా నేనే తీశా. అది జబ్బు వణుకు కాదు."

లవోన్ తల పైకెత్తలేదు. పొద్దుటినుంచి పళ్ళ మధ్య పట్టుకున్నదంతా అప్పుడు ఏడుపై వచ్చింది, అతని భుజం మీద, కూతురు చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా.