క్వారీ గుంత కాడ జోలపాట

పొద్దుగూకినంక ఆ గుంత దిక్కు పోవద్దు. పోతే పోయినవ్ గానీ, ఆగొద్దు. ఆగితే ఆగినవ్ గానీ... చెవి పెట్టి వినొద్దు.

మా అపార్ట్‌మెంట్ల కొత్తగ పనికి చేరినోళ్లకు ముందుగాల ఈ ముచ్చటే చెప్తరు. బాత్రూమ్ ఎక్కడున్నదో గూడ తర్వాతనే చెప్తరు.

మా అపార్ట్‌మెంటు అన్న గదా, నాదేం గాదు. నేను ఆడ ఉదయ్ భాస్కర్ సార్ కారు నడుపుత. నా పేరు తిరుపతి. హైటెక్ సిటీ అద్దాల బిల్డింగులన్ని దాటి, నల్లగండ్ల దిక్కు మళ్లినంక వస్తది మా గేటు. వెనుక గోడకు ఆనుకొనే పాత క్వారీ. ఒకప్పుడు ఈ బిల్డింగులకే దాంట్లకెల్లి కంకర తవ్వుకపోయిన్రు. తవ్వినోళ్లు పోయిన్రు, గుంత మిగిలింది. లోపట నీళ్లు, సుట్టు బండలు, సర్కారు తుమ్మలు. నెమళ్లున్నయి, కుందేళ్లున్నయి. ఎన్ని మిషన్లు వచ్చినా అవి మాత్రం ఖాళీ చేసి పోలేదు.

తొలి వానలు పడ్డంక మొదలైంది — ఆ గొంతు.

ఆడమనిషి గొంతు. సన్నగ... తియ్యగ... "బజ్జోరా..." జర సేపు ఆగుతది. గుంతల నీళ్ల మీదికెల్లి మళ్ల వస్తది — "బజ్జోరా..."

ముందుగాల విన్నది నాలుగో అంతస్తు శారదమ్మ గారు. వాళ్లది రాజమండ్రి. బాల్కనీల బట్టలు తీస్తుంటే వినవడ్డదట. "ఎవరో తల్లి పిల్లాణ్ణి జోకొడుతోందండీ... ఆ గుంతలోంచి," అని లిఫ్టుల చెప్పింది. లిఫ్టుల చెప్పినంక ఇగ ఆగుతదా. తెల్లారేసరికి కథ మొత్తం తయారు. బిల్డింగు కట్టేటప్పుడు పాలమూరు కెల్లి వచ్చిన కూలామె పిల్లగాడు గుంతల పడ్డడట. ఎనకనే ఆమె గూడ దుంకిందట. ఇప్పుడొచ్చి పిల్లగాన్ని పండవెడుతున్నదట.

ఆమె పేరేందంటే ఎవ్వరికి తెల్వదు. ఏ యేడు అయిందంటే అది గూడ తెల్వదు. నాకైతే కడుపు మండింది. వీళ్లకు దెయ్యం గావాలన్నా కూలోళ్ల ఆడిదే గావాలె. అన్ని ఫ్లాట్లున్నయి, అండ్ల సచ్చినోళ్లే లేరా ఏంది?

ఇంకోటి. పాలమూరు తల్లి "పండు బిడ్డా" అంటది. బజ్జో అంటదా? కారుల ఈ మాటే అంటే ఉదయ్ భాస్కర్ సార్ నవ్విండు. "దెయ్యాలకి కూడా జిల్లాలుంటాయా తిరుపతీ?" అన్నడు. ఉంటయి సార్, నోరున్న ప్రతి దానికి జిల్లా ఉంటది అన్న. ఆయన ఫోన్ల పడ్డడు.

ఇగ అసలు ముచ్చట మా బావ చంద్రయ్యది. మా రాజమ్మక్క మొగుడు, ఆ గేటు కాడనే సెక్యూరిటీ. ఆయన చెప్పిందే నేను చెప్తున్న. ఇండ్ల నా సొంతం ఏం లేదు, కోపం తప్ప.

దానికంటే ముందు ఒక కుక్క సంగతి చెప్పాలె. శ్యామ్ సార్, రసజ్ఞ మేడమ్ అని ఆలుమగలు, ఇద్దరిది సాఫ్ట్‌వేరే, కాకినాడ దిక్కోళ్లు. వాళ్లకొక కుక్క. చెవులు కిందికి వేలాడుతుంటయి సూడు, ఆ జాతిది. ఆ జాతికి వాసన తగిలిందంటే ఇగ చెవులు పనిచెయ్యవు, ముక్కు ఎటు గుంజితే అటే. ఎనక జూస్తే నెమళ్లు. రసజ్ఞ మేడమ్‌కు అదే ఫికర్.

చలికాలం మొత్తం ఆమె దాన్ని గుంత కాడికి తీస్కపోయి నేర్పింది. మెడకు పొడుగు తాడు కట్టి, కొస కాలుతోని తొక్కి పట్టేది. దూరంగ నెమలి కనవడంగనే పేరు వెట్టి "రా" అని పిలిచేది. వచ్చిందనుకో, ఉడకవెట్టిన కోడి ముక్క, మెడ సుట్టు చేతులు, పండుగనే పండుగ. రాలేదనుకో, తిట్టకపోయేది. నెమలికి ఇంకింత దూరం జరిగి మళ్ల పిలిచేది. మా రాజమ్మక్క వాళ్లింట్లనే పని చేస్తది, కోడి ఉడకవెట్టేది ఆమెనే. "మనం పిల్లలకు గూడ గింత ఓపిక పడలేదు తమ్మీ," అంటుండె నాతోని.

మేడమ్ అక్కకు ఒకటే మాట చెప్పింది. "ఆ పిలుపు పిలిచి తిట్టకూడదు రాజమ్మా. కొట్టకూడదు. స్నానానికి కూడా పిలవకూడదు. పిలిస్తే దానికి మంచే జరగాలి. లేకపోతే నెమలిని వదిలేసి మన దగ్గరికెందుకొస్తుంది?"

ఎండలు ముదిరేనాటికి తాడు ఇప్పేసింది. నెమలి ముంగటికెల్లి పోతున్నా, పిలిస్తే మళ్లి వస్తుండె కుక్క. అప్పుడే ఆమెను కంపెనీ వాళ్లు పూనాకు పంపిన్రు, ప్రాజెక్టు అయ్యేదాక ఆడనే అని. పోయేటప్పుడు సార్ చేతిల కుక్క బెల్టు పెట్టి, ఇదే మాట మళ్ల చెప్పి పోయిందట.

ఒక ఆదివారం సార్ దాన్ని తీస్కపోయిండు. తుమ్మల్లకెల్లి ఆడ నెమలి, ఎంబడి పిల్లలు. కుక్క ఉరికింది. బాల్కనీల ఎవరో వీడియో తీసి గ్రూపుల పెట్టిన్రు. జాతీయ పక్షి, కేసు పెట్టాలి, ఎవరిదండీ ఈ కుక్క అని ఒకటే లొల్లి. సార్ జేబుల ఫోన్ మోగుతనే ఉన్నది.

సార్ పిలిచిండు. కుక్క ఆగింది. నెమలి దిక్కొకసారి జూసింది, సార్ దిక్కొకసారి జూసింది. మళ్లి ఉరికొచ్చి కాళ్ల కాడ కూసోని, కోడి ముక్క కోసం మొఖం పైకెత్తింది.

సార్ బెల్టు తీసి కొట్టిండు. బాల్కనీలకు కనవడేటట్టు కొట్టిండు.

ఏం తప్పు చేసింది అది? నెమలిని ఇడిసిపెట్టి రమ్మంటే వచ్చింది. వచ్చినందుకే దెబ్బలు తిన్నది. నెమలి ఎంబడి పడ్డది గ్రూపుల పెట్టిన్రు గానీ, ఈ కొట్టుడు మాత్రం ఎవ్వరు పెట్టలేదు.

తర్వాత కొన్నొద్దులకు, అదే జాగల, కుక్కకు కుందేలు కనవడ్డది. సార్ పిలిచిండు. కుక్క ఎనక్కి మళ్లి ఆయన మొఖం జూసింది... తోక కాళ్ల నడుమ పెట్టి తుమ్మల్లకు ఉరికింది. మళ్ల రాలేదు. ఆయన ఎంత పిలిస్తే అది అంత దూరం పోయింది.

మేడమ్‌కు చెప్పలేదు సార్. "నువ్వూ చెప్పకు రాజమ్మా, దొరుకుతుంది," అని అక్క చేతులు పట్టుకున్నడు. మేడమ్ ఫోన్ చేస్తే పడుకుంది అనేటోడు, డాక్టర్ దగ్గరుంది అనేటోడు. ప్రాజెక్టు అయిపోవచ్చింది, ఆమె వచ్చే దినం దగ్గర పడ్డది. అది తెలిస్తే ఆమె ఇంట్ల నిలవడదని ఆయనకు తెలుసు, అక్కకు తెలుసు. ఆయన సగమైండు. రాత్రి ఆఫీసు కెల్లి ఆలస్యంగ రావట్టిండు. పాపం పని ఎక్కువైందేమో అనుకున్నరు గేటు కాడ.

ఇగ ఆ రాత్రి. వాన దంచి కొట్టి ఆగింది. బావ డ్యూటీ దిగిండు. ముంగటి రోడ్డు మీద మోకాళ్లలోతు నీళ్లు, ఆటో గూడ పోతలేదు. కిరాయి రూముకు పోవాలంటే ఇగ ఒకటే తొవ్వ — గుంత పక్కది.

పోయిండు. చేతిల కట్టె. సెల్లు బ్యాటరీ అయిపోయింది. బిల్డింగుల లైట్లు ఎనకకు వడ్డయి, ముంగట ఏం కనవడుతలేదు. కప్పలు అరుస్తున్నయి... ఒక్కసారే అన్ని బందైనయి.

"బజ్జోరా..."

బావ కాళ్లు ఆడనే ఆగినయి. ఆగొద్దని అందరికి చెప్పేటోడే ఆయన.

మళ్ల వచ్చింది. ఈసారి దగ్గర... బండల ఎనక. దగ్గరికెల్లి వింటే మాట వేరే ఉన్నది. బజ్జోరా గాదు —

"బజ్జీ... రా..."

బజ్జీ. ఆ కుక్క పేరు అదే. నూనెల ఏగిన బజ్జీ రంగుల ఉంటదని మేడమ్ పెట్టుకున్న పేరు.

బావ ఆ గొంతు గూడ గుర్తువట్టిండు. పొద్దున్నే గేటు దాటుకుంట "బాగున్నావా చంద్రయ్యా" అని అడిగే గొంతు. రసజ్ఞ మేడమ్ గొంతు. మేడమ్ ఆడ పూనాల ఉంటే, గొంతు ఈడికెట్లొచ్చింది? మనిషికేమన్నా అయిందా... అయి, పానం ఈడికొచ్చి కుక్కను పిలుస్తున్నదా? ఆంజనేయస్వామిని తలుసుకుందామంటే పేరు యాదికొస్తలేదట.

బండ మీద నీలం రంగు సుక్క ఒకటి... వెలుగుతుంది, ఆరుతుంది. దానికవతల, తుమ్మల్ల, నేలకు జానెడెత్తుల రెండు కండ్లు మెరుస్తున్నయి.

ఎనుకకెల్లి బావ భుజం మీద చెయ్యి పడ్డది. తడి చెయ్యి. సల్లగ.

"చప్పుడు చెయ్యకు చంద్రయ్యా... వస్తోంది."

శ్యామ్ సార్. నెత్తి మీదికెల్లి నల్ల దుప్పటి కప్పుకొని, ఇంకో బండ సాటుకు నిలవడ్డడు. ఆ నీలం సుక్క స్పీకరుది. పూనా కెల్లి మేడమ్ రోజు ఫోన్ల వాయిస్ పంపేదట, వాడికి వినిపించు, లేకపోతే నన్ను మర్చిపోతాడు అని. అదే పెడుతున్నడు చీకట్ల, వానలు మొదలైనప్పటి కెల్లి.

"నేను పిలిస్తే రాదు చంద్రయ్యా," అన్నడట గుసగుసగ. "నా గొంతు వింటే పారిపోతుంది. తను ఎల్లుండి వచ్చేస్తోంది."

"బజ్జీ... రా..." అన్నది స్పీకరు.

తుమ్మల్లకెల్లి వచ్చింది కుక్క. పక్కటెముకలు లెక్కవెట్టొచ్చు, చెవు ఒకటి చినిగింది. పొట్ట నేలకు రాసుకుంట, తోక ఊపుకుంట... వచ్చింది. బండ సుట్టు తిరిగి వాసన జూసింది. మేడమ్ లేదు. అయినా ఆ డబ్బా ముంగట కూసోని, నేర్పినట్టే మొఖం పైకెత్తింది.

సార్ దుప్పటితోని దాని మీద పడ్డడు.

"పట్టుకో చంద్రయ్యా, కాళ్లు పట్టుకో!"

బావ పట్టుకున్నడు. సార్ చెప్తే పట్టుకోక ఏం చేస్తడు. లోపట అది కొట్టుకుంటున్నది, దుప్పటి కొరుకుతున్నది, అరుస్తున్నది. సార్ ఏడుస్తనే మెడ మీద మోకాలు పెట్టి ఒత్తిండు. స్పీకరు బందు చెయ్యాలని ఇద్దరికీ తోచలేదు. అది అరుస్తున్నంత సేపు మేడమ్ గొంతు పక్కపొంటి తియ్యగ పిలుస్తనే ఉన్నది, బజ్జీ రా, బజ్జీ రా అని.

"నేను దెయ్యానికి భయపడలేదు బామ్మర్దీ," అన్నడు బావ నాతోని. "దెయ్యమైతే పోయి పండుకుంటుంటి. ఆ అరుపుకు నాకు నిద్ర వస్తలేదు."

తెల్లారి నుంచి గుంతల గొంతు బందైంది. శారదమ్మ గారు మొన్ననే అయ్యగారిని పిలిపించి గోడ కాడ నిమ్మకాయలు కోయించింది గదా, ఆ తల్లికి శాంతి కలిగిందండీ అని గ్రూపుల పెట్టింది. అందరు దండాలు పెట్టిన్రు. పాలమూరు ఆమెను మాత్రం ఎవ్వరు కథల కెల్లి తీసెయ్యలేదు.

సార్ కుక్కను కడిగిచ్చిండు, చెవుకు మందు రాపిచ్చిండు, కొత్త బెల్టు కొన్నడు. మేడమ్ వచ్చే దినం అక్కకు కోడి ఉడకవెట్టమన్నడు.

ఆమె వచ్చింది. బ్యాగు తలుపు కాడనే పడేసి, చెప్పులు గూడ ఇడవకుండ, హాల్ల మోకాళ్ల మీద కూసోని చేతులు సాపింది.

"బజ్జీ... రా..."

అప్పటిదాక అక్క కాళ్ల కాడ తిరుగుతున్న కుక్క, ఆ గొంతు చెవుల పడంగనే నేలకు అతుక్కున్నది. ఉన్న కాడనే ఉచ్చ పోసింది. సోఫా కిందికి దూరి, గోడకు ఆనుకొని, వణుకుతున్నది. ఆమె మళ్ల పిలిచింది, ఇంకింత మెల్లగ. పిలిచిన కొద్ది అది గోడకే ఒత్తుకున్నది.

మేడమ్ పిలుసుడు ఆపింది. తర్వాత తల తిప్పి, తలుపు కాడ నిలవడ్డ సార్ దిక్కు జూసింది.

"నా గొంతుతో ఏం చేశావ్ శ్యామ్?" అన్నది.

అంతే అన్నది. అక్క కోడి ముక్కల గిన్నె పట్టుకొని వంటింటి గడప మీద నిలవడ్డది, ఎవరికియ్యాలో తెల్వక.