ఇటుక రంగు పిట్ట

"ముందు ఆ జాకెట్ విప్పండి!"

కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు. గట్టు మీద తను తప్ప ఇంకో మనిషి లేడు.

"నన్నేనా?"

"కాదు, మీ వెనకున్న మబ్బుని! ఆ నారింజ రంగు చూసి మందంతా లేచిపోయింది. పక్షుల్ని చూడ్డానికొచ్చారా, రోడ్డు వెయ్యడానికొచ్చారా?"

నిజమే. చిత్తడి నేల మీద మేస్తున్న వందల పిట్టలు గుప్పున లేచి, గిరికీ కొట్టి, గట్టుకి అవతల కోసేసిన చేలల్లో వాలాయి. ఆ అమ్మాయి భుజాన టెలిస్కోప్‌తో, మోకాళ్ళ దాకా బురదతో, కొరకొరా చూస్తోంది. అతగాడు గబగబా జాకెట్ విప్పాడు. విప్పీ విప్పగానే వాన! పళ్ళు టకటకలాడుతుంటే దాన్ని చంకలో దాచుకుని నిలబడ్డాడు. ఆమె పెదవి కొరుక్కుంది, ఆపుకుంది, ఇక ఆగలేక పకపకా నవ్వేసింది.

అంతే. మన కళ్ళజోళ్ళ షాపు కుర్రాడి పని ఆ నిమిషంలోనే అయిపోయింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం గట్టు మీదే. ఆమె పక్క ఊరి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. "వారమంతా రక్తకణాలు, ఆదివారం పిట్టలు. నా బతుకంతా లెక్కపెట్టడమే," అనేది. ఆ లెక్కలన్నీ పుస్తకంలో ఎక్కించేది ఆమె బాబాయి. హార్బర్‌లో సిగ్నల్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కనురెప్ప వెయ్యకుండా సముద్రాన్ని చూసిన మనిషి.

నాలుగో ఆదివారం బస్సెక్కుతూ ఆమె, "ఈ సీజన్ లెక్క అయిపోయిందండీ. మళ్ళీ ఫిబ్రవరిలోనే," అంది. ఏదో మామూలు మాటలాగా!

ఫిబ్రవరి! ఇంకా నవంబరే దాటలేదు!

సోమవారం కుడి అద్దం తీసి ఎడమ కంటికి బిగించాడు. మంగళవారం ఒక పెద్దావిడకి పిల్లల ఫ్రేమ్ పెట్టి "భలే ఉందండీ" అన్నాడు. ఇంట్లో అక్క, "ఒరేయ్, కాలుగాలిన పిల్లిలా ఏంట్రా ఆ తిరుగుడు? నాకు కళ్ళు తిరుగుతున్నాయ్, కూర్చో!" అని కసిరింది. కూర్చున్నాడు. రెండు నిమిషాలు.

గురువారం మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. పక్షుల పుస్తకం తెరిచాడు. ఈ తీరంలో పదకొండేళ్ళుగా ఎవరి కంటా పడని రెడ్ నాట్ అనే పిట్ట బొమ్మ కనబడింది. ఫోన్ తీశాడు. పిట్టలు చూసేవాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో టైప్ చేశాడు: "రెడ్ నాట్. ఒకటి. ఇటుక రంగు ఛాతీ. ఉత్తరం గట్టు, పొద్దున ఏడున్నర."

పంపేశాడు.

నిమిషంలో బాబాయి జవాబు: "ఎవరూ ఎగబడకండి, పిట్ట బెదురుతుంది. ముందుగా ఈ ఆదివారం నేనూ మా అమ్మాయీ వచ్చి చూస్తాం."

కుర్రాడు ఎగిరి గంతేశాడు. ఆ తర్వాత తను రాసిందే మళ్ళీ చదువుకుని తల పట్టుకున్నాడు.

ఆదివారం మొదటి బస్సుకే దిగారు ఇద్దరూ. చిత్తడంతా వెతికారు. పోటు వచ్చి నీళ్ళు ఎక్కేసరికి పిట్టలు చేలల్లోకి మారాయి, వీళ్ళూ మారారు. నాలుగు గంటలు! బాబాయి మోకాలు పట్టేసింది. అయినా కుంటుకుంటూ, "ఈ చలికి ఆ పిట్ట బూడిద రంగుకి మారిపోవాలి. ఎర్రగానే ఉందంటే ఒక్కోటి ఆలస్యంగా ఈకలు మారుస్తుందిలే," అన్నాడు.

కుర్రాడికి అప్పుడు వెలిగింది. తను చూసింది వేసవి బొమ్మ! పక్క పేజీ తిప్పనే లేదు!

ఆమె టెలిస్కోప్‌లోంచి తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. చలికేమో.

చివరికి బాబాయి గట్టు మీద కూలబడి, సంచిలోంచి పుస్తకం తీశాడు. "ఇరవై ఆరేళ్ళ లెక్క ఇది అబ్బాయ్. ఇందులో ఒక్క దొంగ పిట్ట లేదు. మాకు కనబడకపోతేనేం, నువ్వు చూశావుగా. రాసేస్తా."

పెన్ను మూత తీశాడు.

నోరు మూసుకుంటే చాలు. మంచి పేరు ఉంటుంది, పక్కన ఈ అమ్మాయీ ఉంటుంది. నోరు విప్పితే రెండూ పోతాయి.

"రాయొద్దండీ!" అరిచినంత పని చేశాడు. "నేను... నేను చూడలేదు."

"సరిగ్గా చూడలేదా?"

"అసలు చూడనేలేదు. పుస్తకంలో చూసి రాశా. ఈవిడ ఫిబ్రవరి దాకా రానన్నారు. నాకు... ఫిబ్రవరి చాలా దూరం అనిపించింది."

బాబాయి మొహం మాడిపోయింది.

"నా మోకాలు నీకు ఆటగా ఉందా?"

"బాబాయ్," ఆమె టెలిస్కోప్ వదిలి వచ్చింది. "నన్ను కూడా తిట్టు. ఇటుక రంగు అని చదవగానే అబద్ధమని నాకు తెలిసిపోయింది."

"తెలిసీ నన్ను ఈ బురదంతా తిప్పావా!"

"చెప్తే నువ్వు రావు. నువ్వు రాకపోతే నేను ఏ వంకతో రాను?"

కుర్రాడు నోరు తెరిచేశాడు.

బాబాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పెన్నుకి మూత పెట్టాడు. "ముందు గ్రూప్‌లో రాయి. చూడలేదు, అబద్ధం, తప్పయింది అని. నూట పన్నెండు మందీ చదవాలి."

రాశాడు. తిట్లు టపటపా రాలాయి. పడ్డాడు.

"ఇక శిక్ష. ఫిబ్రవరి దాకా ప్రతి ఆదివారం ఈ చేలల్లో పిట్టల లెక్క మీ ఇద్దరిదే. విడివిడిగా లెక్కపెట్టాలి. రెండు లెక్కలూ కలిసేదాకా ఇంటికి కదిలేది లేదు. అబ్బాయ్, ఇంట్లో మీ అక్క ఉందన్నావుగా, నేను మీ ఇంట్లో మోకాలికి కాపడం పెట్టుకుంటా. ఎలాగూ పెద్దవాళ్ళతో మాట్లాడే పని పడేట్టుంది."

కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ఇద్దరూ లెక్కకి కూర్చున్నారు. అరగంట.

"ఎంత?" అంది ఆమె.

ఒక్క అంకె మార్చి చెప్తే ఇంకో అరగంట దొరుకుతుంది. నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"నాలుగొందల పద్దెనిమిది. ఒట్టు. మీకు?"

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"నాకు రెండొందల దగ్గరే లెక్క తప్పిపోయింది. మధ్యలో నిన్ను చూశా." టెలిస్కోప్ వైపు తిరిగింది. "పద, మళ్ళీ ఒకటి నుంచి."