ఎడమచేతి తాడు

కొండమీది బొమ్మల బాటకి సెలవురోజుల్లో పిల్లాజెల్లాతో జనం ఎగబడతారు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి మాత్రం నరసంచారం ఉండదు. చెల్లెలు ఆ వేళనే ఎంచుకుంది. చేయబోయేది నలుగురూ చూడాల్సిన పని కాదు మరి.

ముందు రెండు కుక్కలు నడుస్తున్నాయి. నల్లటిది కర్రోడు, గోధుమరంగుది తేనె. రెండూ అక్కవి. అక్క శిల్పి, ఈ బాటలో తొమ్మిదో బొమ్మ ఆమెదే. కిందటేడు దాన్ని చెక్కుతూ చెక్కుతూనే బాట అంచునించి లోయలోకి జారిపోయింది. మనిషైతే దొరికింది, ప్రాణం లేకుండా. చేతిలో ఉన్న సుత్తి మాత్రం దొరకలేదు.

అప్పటినించీ కుక్కలు చెల్లెలి దగ్గరే. ఆమెది కళ్ళద్దాల షాపులో ఉద్యోగం, రెండు గదుల అద్దె ఇల్లు. ఒక్క కుక్కయితే సరే, రెండైతే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు ఇంటాయన. బాటకి కాపలా ఉండే తాత కర్రోణ్ణి పెంచుకుంటానన్నాడు. ఒంటరివాడు, మంచివాడు. అంతకంటే ఏం కావాలని చెల్లెలు తనకు తాను వందసార్లు చెప్పుకుంది.

కానీ అక్కకిచ్చిన మాట ఒకటుంది. ఇవి రెండూ ఒకే ఈతలో పుట్టాయే, నాకేమన్నా అయితే విడదీయకు, విడదీస్తే ఊరుకోను, అని ఓసారి నవ్వుతూ అంది అక్క. చెల్లెలూ నవ్వుతూనే సరేనంది. నిలబెట్టుకోవాల్సొస్తుందని అప్పుడెవరనుకున్నారు?

మొదటి బొమ్మ తుప్పుపట్టిన ఇనుప గుర్రం. కర్రోడు దాని కాలిమీద కాలెత్తి హాజరు వేయించుకున్నాడు. నాలుగోది రాతి కుర్చీల వరస. ఏడోది కొయ్యతో చేసిన పెద్ద చెవి. ప్రతి బొమ్మ దగ్గరా ఆగాల్సిందే, చుట్టూ వాసన చూడాల్సిందే. బొమ్మల్ని ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళని నేనింకెక్కడా చూళ్ళేదని అక్క మురిసిపోయేది.

తొమ్మిదో బొమ్మ మనిషికంటే కాస్త ఎత్తైన రాతి ఆడది. చేతులు రెండూ కిందికి వేలాడేసి, పిడికిళ్ళు బిగించి ఉంటుంది. రెండు చేతుల్తో రెండు కుక్కల్ని షికారు తిప్పుతున్నట్టు చెక్కాలని అక్క ఆలోచన. కుడి పిడికిలికి తాడు దూరేంత కన్నం తొలిచి, పని చేసుకునేటప్పుడు కుక్కల్ని దానికే కట్టేసేది. ఎడమ పిడికిలి తొలిచేలోపే పోయింది. అదింకా ఉత్త రాయే.

తాత అక్కడ లేడు. ఫోన్ చేస్తే, పైన బాటకి అడ్డంగా చెట్టు పడిందని, కొమ్మలు నరికి వచ్చేసరికి అరగంట పడుతుందని, కర్రోణ్ణి బొమ్మకి కట్టేసి వెళ్ళమని చెప్పాడు. "నువ్వు ఎదురుగా ఉంటే వాడు నా వెంట రాడు తల్లీ" అన్నాడు.

చెల్లెలు బొమ్మ కుడి పిడికిలికి కర్రోడి తాడు కట్టింది. తేనె తాడు కింద వదిలేసి, కర్రోణ్ణి కావలించుకుని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకోకుండానే కింది తాడు తడుముకుని అందుకుంది. వెనక్కి తిరిగి చూస్తే కాళ్ళు కదలవని తెలుసు. చూడకుండా దిగింది.

అప్పటికే మబ్బు కొండమీదికి దిగింది.

అక్క కుక్కలకి గొలుసులు కట్టేది కాదు, ఆరేసి గజాల తాళ్ళు కట్టేది. ఇప్పుడు రెండు గజాల అవతల ఏమీ కనపడటంలేదు. తాడు తెల్లటి మబ్బులోకి పోయి, ముందుకి లాగుతోంది. తడిమట్టి వాసన. అందులో సన్నగా రాతిపొడి వాసన... అక్క బట్టలు ఎన్నిసార్లు ఉతికినా పోని వాసన. వెనక పైన ఎక్కడో చప్పుడు. టక్... టక్ టక్. తాత కొమ్మలు నరుకుతున్నాడనుకుంది.

కొయ్య చెవి పక్కనించి దాటిపోయారు. తేనె ఆగలేదు.

ఆమెకి అది వింతగా తోచింది. తాడు ఒకే బిగువుతో పోతోంది. కంకరమీద తన చెప్పుల చప్పుడే వినపడుతోంది. గోళ్ళ చప్పుడు లేదు.

"తేనే" అని పిలిచింది.

ఫోన్ మోగింది. తాత.

"ఏంటి తల్లీ, రెండింటినీ వదిలేసి పోయావు?"

"రెండేంటి తాతా?"

"కర్రోడూ, తేనే. కుడిచేతికి వాడు, ఎడమచేతికి ఇది. బాగానే కట్టావులే."

"ఎడమచేతికి కన్నం లేదు కదా..."

 తాత గొంతు తగ్గించి అన్నాడు. "ఉంది. వేలు పెట్టి చూస్తున్నా."

తాడు ఆగింది.

ఆమె గుప్పిట విప్పింది. తాడు జారలేదు. మణికట్టు చుట్టూ ముడి ఉంది... మూడు మెలికల ముడి. అక్క వేసే ముడి. చెల్లెలికి అది వెయ్యడం రాదు, విప్పడమూ రాదు.

తాడు మెల్లగా పక్కకి తిరిగింది. బాట అంచువైపు. బిగిసింది. ఒక అడుగు... ఇంకో అడుగు... చెప్పుకింద కంకర జారి లోయలో పడింది. కింద తగిలిన చప్పుడు చాలాసేపటికి వినపడింది.

"విడదీయనక్కా" అంది. పెదాలే కదిలాయి. "ఇల్లు పోతే పోనీ. రెండూ నాతోనే ఉంటాయి."

తాడు వదులైంది.

వెనక్కి చూడకుండా పైకి ఎక్కింది. తాడు బండలమీద ఈడ్చుకుంటూ వస్తోంది. దాంతోపాటే వెనకాల... టక్. టక్ టక్.

కుక్కలు రెండూ బొమ్మకి చెరోపక్కా ఉన్నాయి. దేని తాడు దానికుంది. ఎడమ పిడికిలికింద గుప్పెడు రాతిపొడి. చుట్టూ నేలంతా తడి, ఆ పొడి మాత్రం పొడిగా ఉంది.  తాత ఆమె మణికట్టు చూసి, కత్తి తీసి ముడి కోసేశాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఆ మూడో తాణ్ణి లాగారు.

చివర, కుక్క మెడపట్టీకి తగిలించే కొక్కేనికి అక్క సుత్తి ఉంది.

ఏడాదిపాటు వానలో ఎక్కడుందోగానీ, కాస్తయినా తుప్పులేదు. కుక్కలు దాన్ని వాసన చూసి తోకలాడించాయి. చెల్లెలు వంగి, సుత్తి పిడికి చుట్టిన ఎర్రగుడ్డ ముట్టుకుంది. చెమటకి తడిసి ఉంది. ఇంకా వెచ్చగా ఉంది.