హాబర్‌ఫెల్ట్‌కు ఎనభై తుపాకులు

కోర్నేలియస్ టేవ్స్‌ను గూఢచారి పనిలో పెట్టుకున్న రోజే ఊరి పెద్దాయన రెండు షరతులు పెట్టాడు. ఎవర్నీ చంపకూడదు. ఎవరితోనూ అబద్ధం ఆడకూడదు. ఈ రెండూ నిషేధిస్తే గూఢచారికి మిగిలేవి కళ్ళు, చెవులు, కాళ్ళు. వాటితోనే అతను రెండేళ్ళుగా నెట్టుకొస్తున్నాడు. మారువేషం కూడా అబద్ధమే కనుక, పశువుల డాక్టర్‌లా స్టెప్పీ గడ్డి మైదానాలన్నీ తిరగడానికి నిజంగానే పశువైద్యం నేర్చుకున్నాడు.

1919 అక్టోబర్, ఆదివారం. పొద్దున్న ఎనిమిదింటికి పెద్దాయన దీత్రిష్ వార్కెంటిన్ అతన్ని మాంసానికి పొగబెట్టే గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నెత్తిమీద పంది తొడలు వేలాడుతున్నాయి.

"దోపిడీ దండు నాయకుడు అతమాన్ సవ్‌చుక్ మనుషులు నిన్న పక్కూరి మీద పడ్డార్రా. చచ్చిన ఇరవై ఏడుగుర్ని పూడ్చి వచ్చాం. ఇవాళ మన వంతు."

"ఎన్ని గుర్రాలు?"

"రెండొందలు. పన్నెండింటికి చర్చిలో సభ పెట్టాను. తుపాకులు పట్టాలా, చేతులు కట్టుకుని చావాలా, అక్కడ తేలుస్తాం. ఆ కొత్త నర్సు లేనా సిస్టర్ తెప్పించిన ఎనభై తుపాకులూ ప్లెట్ వాళ్ళ కొట్టం అటక మీద ఉన్నాయి. ఆ పిల్ల ఎవరో సభలోగా నాకు తెలియాలి."

"అనుమానమా పెద్దయ్యా?"

"అనుమానించడం పాపం. అందుకే నిన్ను పంపిస్తున్నా." పెద్దాయన గొంతు తగ్గించాడు. "మోసమని తేలితే వచ్చి 'పాలు విరిగాయి' అను. అదే కోడ్‌వర్డ్."

"పాలు విరక్కుండా విరిగాయని ఎలా అంటాను?"

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "నిజమే. అయితే ముందు కాస్త వెనిగర్ పోసి విరగ్గొట్టి, అప్పుడు చెప్పు."

కోర్నేలియస్ నవ్వలేదు. హింసే పాపమనే క్రైస్తవ శాఖ వాళ్ళది, ఈ మెన్నోనైట్లు ఆయుధం పట్టి నాలుగు వందల ఏళ్ళయింది. ఇవాళ పట్టకపోతే హాబర్‌ఫెల్ట్‌లోని మూడు వందల నలభై ప్రాణాలకూ సాయంత్రం దాకా గ్యారంటీ లేదు. పైగా అతని లోపల ఒక సంగతి కుళ్ళుతోంది. అన్న ఫ్రాంజ్‌ని నెల క్రితం మిల్లు దగ్గర సవ్‌చుక్ మనుషులే నరికారు. ఆ తుపాకులు అతనికి కావాలి. లేనా మంచిదే అయితే బాగుండునని మనసులో కోరుకుంటూనే బయల్దేరాడు.

లేనా ఎన్స్ రెండు వారాల క్రితం వచ్చింది. కాలిపోయిన మరో మెన్నోనైట్ ఊరి నుంచి ప్రాణాలతో బయటపడ్డ నర్సునని చెప్పింది. బూడిదరంగు గౌను, తెల్ల కాలరు. ఆ బట్టల్లోనూ మెరిసిపోయే మనిషి. ఆవిడ వచ్చాక ఊళ్ళో పెళ్ళికాని మగాళ్ళందరికీ ఒక్కసారిగా దగ్గులు పట్టుకున్నాయి. తిండి మాత్రం ఎప్పుడూ రోగుల మంచాల పక్కనే కానిచ్చేది, ఎవరింటి బల్ల దగ్గరా కూర్చోలేదు. అందుకే కోర్నేలియస్ తన వదిన అగనేటాతో చెప్పి, ఆమెను ఆ పూట టిఫిన్‌కి పిలిపించాడు.

బన్నులు, బార్లీ కాఫీ. తినేముందు అందరూ తలలు వంచి మౌనంగా ప్రార్థించారు. లేనా అందరికంటే భక్తిగా వంచింది. తినడం అయింది. అందరూ మళ్ళీ తలలు వంచారు.

లేనా ప్లేట్లు తియ్యడానికి లేచి నిలబడింది.

తిన్న తర్వాత కూడా మౌన ప్రార్థన ఉంటుందని ఈ ఊళ్ళలో ఎవరూ ఎవరికీ నేర్పరు, అది ఉగ్గుపాలతో వస్తుంది. ఆమె చటుక్కున కూర్చుని తల దించుకుంది కానీ, అప్పటికే అగనేటా కళ్ళూ మరిది కళ్ళూ కలుసుకున్నాయి.

అరగంటలో కోర్నేలియస్ ప్లెట్ వాళ్ళ అటకెక్కి ఒక పెట్టె మూత లేపాడు. యుద్ధంలో అతను హాస్పిటల్ రైల్లో పనిచేశాడు. గాయపడ్డ సైనికుల తుపాకులు విప్పి పెట్టడం అక్కడ అతని డ్యూటీ. బోల్ట్ లాగి చూశాడు. తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ లేదు. రెండోది, పదోది, ఇరవయ్యోది, దేనికీ లేదు. మీట నొక్కితే టిక్కుమంటాయి, అంతే.

"దిగండి కోర్నేలియస్ గారూ. నెమ్మదిగా."

లేనా చేతిలో చిన్న పిస్టల్. పిన్నుతో ఉన్నదే అయివుంటుంది.

"ఎవరి పని ఇది సిస్టర్?"

"ఊరవతల ఇటుకల బట్టీలో దాక్కున్న జర్మన్ కర్నల్‌ది. వాళ్ళ సామ్రాజ్యం ఓడిపోయి వెళ్ళిపోయింది కదా, మళ్ళీ రావడానికి సాకు కావాలి. జర్మన్ మాట్లాడే ఊరొకటి నిలువునా నరికారని టెలిగ్రామ్ వెళ్ళాలి. మీరు తుపాకులెత్తితే సవ్‌చుక్ ఒక్కణ్ణీ వదలడు. మీరేమో ఒక్క గుండూ పేల్చలేరు."

"మా దగ్గర తుపాకులున్నాయని సవ్‌చుక్‌కి ఎవరు చెప్పారు?"

"నేనే. ఇద్దరి దగ్గరా డబ్బు తింటాను. తప్పా?"

"కర్నల్ మిమ్మల్ని తీసుకెళ్తానన్నాడా?"

"బండి సిద్ధంగా ఉంటుంది."

"పొద్దున ఏడింటికి బట్టీ పక్కనే ఒక గుర్రానికి మందు వేశాను. ఆ బండి నా కళ్ళముందే స్టేషన్‌కి వెళ్ళింది. పెట్టెలతో ఎక్కిన పెద్దమనిషి తొలి రైలు అందుకోవాలని బండివాణ్ణి తొందరపెట్టాడు. బట్టీ ఖాళీ."

లేనా పిస్టల్ దించింది. ఈ జనం అబద్ధం ఆడరని ఆమెకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అబద్ధం ఆడనివాళ్ళు ఎదుటివాళ్ళనీ అనుమానించరన్న ధైర్యంతోనే వాళ్ళను ముంచబోయింది.

"నీ గుర్రం ఇస్తావా?"

"పిన్నులు ఇస్తారా?"

"పారెయ్యమన్నాడు కర్నల్. పనికొచ్చే వస్తువు పారెయ్యడం నాకు చేతకాదు." మందుల సంచిలోంచి బరువైన రేకు డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. అయిదు నిమిషాల్లో ఆమె ఊళ్ళో లేదు.

కోర్నేలియస్ డబ్బా మూత తీసి లెక్కపెట్టాడు. ఎనభై పిన్నులు. ఇప్పుడు ఆ తుపాకులు నిజంగా పేలతాయి. సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

చర్చి కిక్కిరిసి ఉంది. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. సభలో ఓటు మగవాళ్ళదే, మాట కూడా వాళ్ళదే. వెనిగర్ పోసే టైం లేదు కనుక అతను ఉన్నదున్నట్టు అందరి ముందూ చెప్పేసి, డబ్బా బల్ల మీద పెట్టాడు.

ప్లెట్ వాళ్ళ పెద్దకొడుకు హైన్ లేచాడు. "నీకు బిగించడం వచ్చా కోర్నీ?"

అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. "వచ్చు. తుపాకీకి రెండు నిమిషాలు."

"గాలిమర మీద కాపలావాడికి దుమ్ము కనబడుతోందంట. గంట టైముంది. ముప్ఫై తుపాకులు. ముప్ఫై చాలు! పెద్దయ్యా, ఊఁ అనండి!"

"నేను ఊఁ అనలేను, ఊహూఁ అనలేను," అన్నాడు పెద్దాయన. ఏడుస్తున్నాడు. "నిన్న పక్కూళ్ళో నా మనవరాలిని పూడ్చి వచ్చాను. దేవుడు నాకు ఏమీ చెప్పడం లేదురా."

అరుపులు మొదలయ్యాయి. పిల్లల్ని చంపుతుంటే చూస్తూ కూర్చోమంటావా అని ఒకడు, ఒక్కడ్ని చంపాక మనం ఎవరం అని ఇంకొకడు. కోర్నేలియస్ వేళ్ళు డబ్బా మూత మీదే ఉన్నాయి.

ఎడమవైపు నుంచి అగనేటా లేచింది. ఆ చర్చిలో ఆడమనిషి లేచి మాట్లాడటం అదే మొదలు. ఎవరూ కూర్చోమనలేదు.

"కోర్నీ, నీకు చెప్పని సంగతొకటుంది. ఆ రోజు మీ అన్న చేతిలో గొడ్డలి ఉంది. వచ్చినవాడు ఒక్కడే, అదీ తాగి ఉన్నాడు. ఆయన కొడితే చచ్చేవాడు. కొట్టమని నేనే అరిచాను."

అగనేటా మరిది చేతి కింది డబ్బా వైపు చూసింది.

"నా వైపు చూసి గొడ్డలి కింద పెట్టాడు. ఎందుకు పెట్టాడో నాకు అర్థం కాలేదు. రోజూ తిట్టుకుంటున్నాను ఆయన్ని. ఇవాళ మీరు తుపాకీ ఎత్తితే నేను తప్పనను. కానీ ఆయన ఎందుకు పెట్టాడో ఇక నాకు చెప్పేవాళ్ళుండరు."

కూర్చుంది. చేతులెత్తించారు. తుపాకులకు ఇరవై నాలుగు, వద్దని ముప్ఫై తొమ్మిది. కోర్నేలియస్ చెయ్యి ఎప్పుడు లేచిందో అతనికే తెలియదు, వద్దనేవాళ్ళలో లేచింది. ఓడినవాళ్ళలో హైన్ అందరికంటే ముందు అటకెక్కి తుపాకులు దించాడు. పిన్నులు బడి మరుగుదొడ్డి గోతిలో పోశారు.

నాలుగు రోడ్ల కూడలిలో తుపాకుల గుట్ట. దాని పక్కన కోర్నేలియస్ ఒక్కడే. రెండు వందల గుర్రాలు వచ్చి ఆగాయి. అతను నోరు తెరిచేలోపే సవ్‌చుక్ కొరడా అతని చెంప చీల్చింది.

"తుపాకులు దాస్తారేంరా, సాధువుల్లారా!"

నెత్తురు మింగుతూ కోర్నేలియస్ మొత్తం చెప్పాడు. కర్నల్, పిన్నులు, టెలిగ్రామ్. "మమ్మల్ని చంపితే మళ్ళీ ఫిరంగులొస్తాయి. మీరు చంపాలనే వాళ్ళ కోరిక."

"కథలు బాగా చెబుతావే." సవ్‌చుక్ కత్తి దూసి అతని మెడ మీద ఆనించాడు. "దేవుడి మీద ప్రమాణం చెయ్. వదిలేస్తా."

"చెయ్యను."

"ఏంటీ?"

"మేము ప్రమాణం చెయ్యం. అవునంటే అవును, కాదంటే కాదు. చెప్పింది నిజం."

కత్తి పైకి లేచింది. వెనక నుంచి ఒక ముసలి రౌతు గుర్రాన్ని ముందుకు తోశాడు. "ఆగు అతమాన్! పదేళ్ళు వీళ్ళ పొలాల్లో కూలి చేశాను. అబద్ధాలకోరైతే ఈపాటికి వంద ప్రమాణాలు చేసేవాడు. వీడు చస్తాడు గానీ చెయ్యడు. వీడు చెప్పింది నిజం."

సవ్‌చుక్ ఒక తుపాకీ తీసి, కోర్నేలియస్ గుండెకు గురిపెట్టి మీట నొక్కాడు. టిక్. ఇంకోటి. టిక్.

"ఆ ఆడది ఎటు పోయింది?"

"తెలియదు. నా గుర్రం మీద వెళ్ళింది."

"నీ కళ్ళముందే ఎక్కి, ఎటు పోయిందో తెలియదా?"

"ఆమె వెళ్ళేటప్పుడు గోడ వైపు తిరిగి నిలబడ్డాను. మీరు అడుగుతారని తెలుసు. చూస్తే చెప్పాల్సి వస్తుంది."

ముందు ముసలాడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే ఊళ్ళో పడి నలభై గుర్రాలు, పంది తొడలన్నీ, కాళ్ళకున్న బూట్లతో సహా దోచుకుని పోయారు. చలికాలం ముందుంది, తిండి లేదు. కానీ ఆ సాయంత్రం లెక్కపెడితే మూడు వందల నలభై మందీ ఉన్నారు.

తుపాకీ పట్టాలా వద్దా అన్నది గంటలో తేల్చిన హాబర్‌ఫెల్ట్ సభ, గోడ వైపు తిరగడం అబద్ధం కిందికి వస్తుందా రాదా అన్నదాన్ని మాత్రం క్రిస్మస్ దాకా చర్చించి, ఈస్టర్‌కి వాయిదా వేసింది.